పోయి చూసి రాండి అన్న ప్రోగ్రాము

ఆర్ అనే కంప్యూటర్ భాష ఒకటుంది. పేరంతా ఆ ఒక్క అక్షరమే. సర్వీసు చివర్లో నేను దాన్ని కొంచెం నేర్చుకున్నాను. రాయడం రాదు గానీ, ఇంకొకరు రాసింది చదివితే మంచిదో చెడ్డదో తెలుస్తుంది. పాడలేనివాళ్లకు కూడా మంచి పాట తెలుస్తుంది కదా, అట్ల.

స్టాటిస్టిక్స్ చదివి కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు కురిచేడులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "మేడమ్, మీ సర్వీసులో మీరు చూసిన గొప్ప ప్రోగ్రాము ఏది?" అని అడుగుతారు. హైదరాబాదులోనో ఢిల్లీలోనో నడిచిన పెద్ద వ్యవహారం ఏదో చెబుతానని వాళ్ల ఆశ. నేను మార్కాపురంలో ఎరువుల దుకాణం పైన, రేకుల షెడ్డు పక్కన, మా అద్దె ఆఫీసులో నడిచిన ప్రోగ్రాము గురించి చెబుతాను. దాని గొప్పతనం ఏందంటే, అది మాటిమాటికీ ఆగిపోయేది.

అప్పుడు నేను గణాంక శాఖ నుంచి డిప్యుటేషన్ మీద ఆ ఆఫీసుకు పోయినాను. జిల్లాకు పడమటి దిక్కున ఉన్న కొన్ని మండలాల్లో చిన్నపిల్లల బరువులు నెలనెలా తెప్పించుకుని, ఏ బిడ్డ ప్రమాదంలో ఉందో కనిపెట్టి, ఆస్పత్రిలో చేర్పించడం మా పని. అంగన్‌వాడీ టీచర్లు తూకం వేసి ఫోన్లో పంపుతారు. మా ఆపరేటరమ్మ వాటిని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ప్రోగ్రాము లెక్క కట్టి చివరికి ఎర్ర జాబితా ఒకటి బయటపెడుతుంది. అందులో పేరుంటే ఆ బిడ్డ ఇంటికి జీపు పోతుంది. పేరు లేకపోతే పోదు.

మొదట ఉన్న ప్రోగ్రామును ఎవరో బయటివాళ్లు రాసిచ్చి వెళ్లిపోయినారు. అది ఎక్కడా ఆగేది కాదు. మీట నొక్కి కిందికి పోయి టీ తాగి వచ్చేలోపల జాబితా సిద్ధంగా ఉండేది. అడుగున సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉండేది: "నమ్మశక్యం కాని విలువలు తొలగించబడినవి." మా ప్రాజెక్టు ఆఫీసరు గారికి ఆ ప్రోగ్రాము అంటే ప్రాణం. ఆయన మంచి మనిషి. కాకపోతే పైవాళ్ల కాన్ఫరెన్సు అంటే ఒకరోజు ముందే జ్వరం వచ్చేది. రిపోర్టు టైముకు పోతే చాలు, ఆ పూట నవ్వుతూ భోంచేసేవాడు.

అట్లాంటి ఆఫీసుకు అతను వచ్చినాడు.

నలభైకి దగ్గర్లో ఉన్నాడు. ఊళ్లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాడంట. కరోనా రోజుల్లో జీతాలు ఆగిపోయి, తర్వాత కాలేజీయే మూతపడింది. తర్లుపాడు నుంచి రోజూ బండి మీద వచ్చేవాడు. ప్రోగ్రాము చూసుకునే కాంట్రాక్టు ఉద్యోగం. పాఠం చెప్పే అలవాటు ఇంకా పోలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ టేబుల్ మీద వేలితో గీతలు గీసేవాడు, అక్కడ బోర్డు ఉన్నట్టు.

వచ్చిన రోజే ఆ సన్న అక్షరాల వాక్యం చూసినాడు.

"అక్కా, ఈ తొలగించినవి యాడికి పోతాయి?"

"తప్పుడు అంకెలు గదా. తీసేస్తుంది," అన్నాను.

"తీసేస్తాది సరే. తీసేసినాక యాడ పెడతాది?"

యాడా పెట్టదు. ఆ సంగతి చెప్పేసరికి అతని వేలు టేబుల్ మీద ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమంతా ఆ పాత ప్రోగ్రాము చదువుతా కూర్చున్నాడు. సాయంత్రం ఆఫీసరు గారి గదిలోకి పోయి, నిలబడే చెప్పినాడు.

"సార్, ఫంక్షన్ అంటే పిండిమర లాంటిది. జొన్నలు పోస్తే జొన్నపిండి వస్తాది. జొన్నల్లో రాళ్లుంటే మర ఆగాల. మన మర ఆగట్లేదు. పోనీ రాళ్లను మాత్రమే పక్కకు తోస్తాందా అంటే, అదీ కాదు. కంటికి వింతగా కనపడిన గింజలన్నిటినీ బయటికి తోసేస్తాంది. అవి రాళ్లో, గింజలో ఎవరూ చూడట్లేదు."

"పిండి బాగానే వస్తాంది గదయ్యా," అన్నాడు ఆఫీసరు గారు.

"రాళ్లు కలిసినా పిండి తెల్లగానే ఉంటాది సార్. నోట్లో పెట్టుకున్నాకే తెలిసేది."

ఆయనకు ఎందుకో ఆ మాట నచ్చింది. "ఏం చేస్తావో చెయ్. రిపోర్టు మాత్రం ఆలస్యం కాకూడదు," అన్నాడు. తర్వాత చాలా రోజులు ఆ మాట అన్నందుకు తనను తానే తిట్టుకున్నాడు.

అతను చేసింది చెప్పుకుంటే చిన్న పనే. ఫంక్షన్ మొదట్లోనే, లెక్క ఇంకా మొదలు కాకముందే, వచ్చిన ప్రతి విలువనూ ప్రశ్నించే కొన్ని లైన్లు రాసినాడు. నువ్వు అసలు అంకెవేనా? ఖాళీవా, సున్నావా? వయసు నెలల్లో ఉందా? బరువు కిలోల్లో ఉందా? జవాబు సరిగ్గా లేకపోతే లోపలికి రానియ్యదు. అక్కడే నిలబెట్టి, ప్రోగ్రామంతా ఆపేస్తుంది.

మొదటి నెల నరకం. మీట నొక్కడం, ఆగడం. సరిచేసి నొక్కడం, మళ్లీ ఆగడం. లోపల ఎంత చెత్త ఉందో అప్పుడు బయటపడింది. ఒకరు వయసు ఏండ్లలో రాస్తే, ఒకరు బరువు గ్రాముల్లో రాసినారు. సున్నాకు బదులు ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టినవాళ్లున్నారు. తూకం వేయని బిడ్డకు సున్నా పెట్టినవాళ్లున్నారు. గిద్దలూరు దిక్కు ఒక టీచరమ్మ బరువు అని ఉన్న చోట "బాగుంది" అని రాసి పంపింది. పాత ప్రోగ్రాము ఇన్నాళ్లూ ఇవన్నీ చప్పుడు లేకుండా మింగేసింది, లేదంటే పారేసింది.

తెర మీద ఇంగ్లీషులో ఎర్రక్షరాలు పడేసరికి ఆపరేటరమ్మ బెదిరిపోయేది. ఇద్దరు పిల్లల తల్లి, పనిలో చురుకు. కానీ ఆ ఎరుపు చూస్తే కంప్యూటరు కాలిపోయిందేమో అన్నంత కంగారు. ఆమె కంగారు పడి టీచర్లకు ఫోన్ చేసేది. వాళ్లు ఇతనికి చేసేవాళ్లు.

"ఏంది సారూ, మీ కంప్యూటరు నన్ను ఇంగ్లీషులో తిడతాందంట?" అని ఒకామె గట్టిగా అడిగింది. స్పీకర్లో ఉంది కాబట్టి ఆఫీసంతా విన్నాము.

"తిట్టట్లేదమ్మా, అడుగుతాంది."

"అడిగేదేదో తెలుగులో అడగమను. జవాబు చెబుతాం."

ఇంకొకరైతే నవ్వి ఫోన్ పెట్టేస్తారు. అతను రెండు రోజులు కూర్చుని ఆ ఎర్రక్షరాలన్నీ తెలుగులోకి మార్చినాడు. పుస్తకాల తెలుగు కాదు, మన తెలుగు. "ఈ పాప వయసు ఏండ్లలో రాసినట్టుంది. నెలల్లో రాయండి." "బరువు రాయాల్సిన చోట మాట రాసినారు. అంకె కావాల." "ఈ గడి ఖాళీగా ఉంది. తూకం వేయలేదా, మర్చిపోయినారా?" ఆపరేటరమ్మ వాటిని పైకి చదివి నవ్వుకుంటా సరిచేసేది. రెండో నెలకు ఆగడాలు సగానికి సగం తగ్గినాయి. టీచర్లు నేర్చుకున్నారని మేమంటే, "కాదక్కా, మేము అడగడం నేర్చుకున్నాం," అనేవాడు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక అతని సరదా చూడాల. తన ప్రోగ్రాముకు కావాలని పిచ్చి అంకెలు ఇచ్చేవాడు. తన వయసు, వాళ్ల మేక బరువు, మైనస్ అంకెలు, మూడు చుక్కల అంకెలు. అది ఆగితే ముఖం వెలిగిపోయేది. "ఆగిందక్కా!" అనేవాడు. ఆగకుండా ముందుకు పోతే ముఖం మాడ్చుకుని ఇంకో లైను రాసేవాడు. తాను రాసిన దాన్ని ఓడించాలని అంత శ్రద్ధగా కూర్చునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మేమందరం మా పని నడుస్తుందని చూపించుకోవడానికి తంటాలు పడేవాళ్లం.

అతనూ తప్పు చేసినాడు. త్రిపురాంతకం మండలం నుంచి ఒక టీచరమ్మ పంపిన బరువులను ప్రోగ్రాము వెనక్కి తిప్పి కొట్టింది. "ఇంత తక్కువ బరువు ఉండదు. సరిచేయండి." ఆమె మళ్లీ అవే పంపింది. మళ్లీ వెనక్కి. మూడోసారి ఆమె ఫోన్ చేసింది.

"కవలపిల్లలు సారూ. నెల ముందే పుట్టినారు. అంతే ఉంటారు. ఉండరని చెప్పేదానికి మీ మిషను యాడ చూసింది వాళ్లను?"

అతను, "తప్పు మాదేనమ్మా, క్షమించండి," అన్నాడు. ఆ రోజు పనంతా పక్కన పెట్టి, టేబుల్ మీద వేలితో రెండు గీతలు గీసి నాకు చూపించినాడు.

"అక్కా, ఇక్కడ రెండు వేరే సంగతులున్నాయి. ఒకటి కుదరనిది. బరువు మైనస్ ఉండదు, వయసు 'బాగుంది' అని ఉండదు. దాన్ని వెనక్కి పంపాల. రెండోది కుదరదని కాదు, మనకు నమ్మబుద్ధి కానిది. రెండింటినీ ఒకే గాటన కట్టేసినా. పాత ప్రోగ్రాము చేసిన పనే నేనూ చేసినా, కాకపోతే కొంచెం గట్టిగా."

"అయితే రెండోదానికి హెచ్చరిక ఇచ్చి ముందుకు పోనియ్," అన్నాను. ఆర్‌లో ఆ సదుపాయం ఉంది. ఆపకుండా హెచ్చరించొచ్చు.

"సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక ఉంది గదక్కా. చదివి ఎవరన్నా మానేసినారా?"

అందుకని దానికీ ఆగేటట్టే రాసినాడు. కానీ మాట మార్చినాడు. అట్లాంటి బరువు వచ్చినప్పుడు తెర మీద ఇట్ల పడేది: "నమ్మబుద్ధి కావడం లేదు. తప్పని అనుకోవద్దు. పోయి చూసి రాండి." ఎవరో ఒకరు చూసి వచ్చినామని పేరు పెడితేనే ఆ విలువ లోపలికి పోతుంది. కొట్టేయడానికి మాత్రం ఎవరికీ దారి పెట్టలేదు.

ఇక నేను చెప్పాలనుకున్న రోజుకు వస్తాను.

ఎండాకాలం. మధ్యాహ్నం పైవాళ్ల కాన్ఫరెన్సు ఉంది. అన్ని మండలాల అంకెలూ వచ్చేసినాయి. పొద్దున్నే ఆపరేటరమ్మ మీట నొక్కింది. ప్రోగ్రాము ఒకే ఒక్క చోట ఆగింది. నల్లమల అంచున, దోర్నాల దాటినాక లోపలికి ఉన్న ఒక చెంచు గూడెం. పద్నాలుగు నెలల ఆడబిడ్డ. బరువు నాలుగు కిలోల ఏడు వందలు.

మా దగ్గర ఆ బిడ్డ పాత బరువులు లేవు. ఆ కుటుంబం మిరపకోతలకు గుంటూరు దిక్కు పోయి, అప్పుడే తిరిగి వచ్చింది. పోల్చి చూసేదానికి ఏమీ లేదు.

"ఏడు పాయింట్ నాలుగు అయ్యుంటాది సార్," అంది ఆపరేటరమ్మ. "టీచరమ్మ తిప్పి కొట్టింటాది. నాలుగు పాయింట్ ఏడు, ఏడు పాయింట్ నాలుగు. మార్చేయనా?"

నాకూ అట్లే అనిపించింది. ఏడున్నర కిలోల దగ్గర అంటే, బిడ్డ బక్కగా ఉన్నా నమ్మొచ్చు. నాలుగు కిలోల ఏడు వందలంటే మూడు నెలల పసిగుడ్డు బరువు కూడా కాదు. టీచరుకు ఫోన్ చేసినాము. గూడెంలో సిగ్నలు ఉండదు. మోగనైనా మోగలేదు.

ఆఫీసరు గారు గదిలోంచి బయటికి వచ్చినాడు. "ఏంది ఇంకా కాలేదా?"

సంగతి చెప్పినాము. ఆయన తెర మీదికి వంగి చూసినాడు.

"తిప్పి కొట్టిందే. చూస్తేనే తెలుస్తాంది."

"నూటికి తొంభై పాళ్లు అదే అయ్యుంటాది సార్," అన్నాడు అతను.

"మరి మార్చు."

"మిగిలిన పది పాళ్ల కోసమే సార్, ఆ లైను రాసింది."

"నాయనా, కాన్ఫరెన్సు ఉంది. లైను ముందర ఏదో గుర్తు పెడితే అది పనిచేయదంట గదా. నువ్వే చెప్పినావు ఒకసారి. ఆ గుర్తు పెట్టు. రిపోర్టు తియ్యి. రేపు ఆ గుర్తు తీసేద్దువు."

"పెట్టొచ్చు సార్. ఒక్క గుర్తే." అతని గొంతులో కోపం లేదు. పాఠం చెబుతున్నట్టు కూడా లేదు. "రేపు తీసేటోళ్లు ఎవరు సార్? ఈరోజు పెట్టినాక, వచ్చే నెల కూడా కాన్ఫరెన్సు ఉంటాది. మిగతా ఊర్లన్నీ ఇప్పుడే పంపిస్తా. ఈ గూడెం ఒక్కటి పెండింగ్ అని రాయండి."

పెండింగ్ అనే మాటంటే ఆయనకు పాముతో సమానం. ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయి, మళ్లీ తెర మీదికి వంగినాడు. అక్కడున్న తెలుగును మెల్లగా పైకి చదివినాడు. "నమ్మబుద్ధి కావడం లేదు. తప్పని అనుకోవద్దు. పోయి చూసి రాండి."

కింద దుకాణంలో ఎవరో యూరియా బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ప్రోగ్రాము నాకే ఆర్డరు వేస్తాందేంది?" అన్నాడు ఆయన. కానీ ఆ మాట అంటానే కిటికీ దగ్గరకు పోయి, కిందికి వంగి డ్రైవరును కేకేసినాడు. "జీపు తియ్యి. వీళ్లను గూడేనికి తీసుకపో." మా దిక్కు తిరిగి, "మంచి కాటా పట్టుకపోండి. తప్పని తేలితే నాకు ఫోన్ చేయండి. తప్పు కాదని తేలితే అసలు నన్ను అడగొద్దు, నేరుగా ఆస్పత్రికి పోండి," అన్నాడు.

ఆ మనిషి మీద నాకు ఆ క్షణం ఎంత గౌరవం కలిగిందో ఇప్పటికీ చెప్పలేను. ఒక కాంట్రాక్టు ఉద్యోగి కాదన్నాడు. ఆయన తలుచుకుంటే ఇంకొకరి చేత ఆ గుర్తు పెట్టించొచ్చు. పెట్టించలేదు.

దోర్నాల దాటినాక దారి రాళ్లదారి. ఒకచోట అతను, "తప్పని తేలితే బాగుండునక్కా," అన్నాడు. తన లైను గెలవాలని కాదు, ఓడిపోవాలని కోరుకుంటున్నాడు. కాటాను ఒళ్లో పెట్టుకుని, కుదుపులకు దెబ్బ తగలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

గూడెం మొదట్లోనే టీచరమ్మ ఎదురొచ్చింది. ఆ గూడెం ఆడబిడ్డే, అక్కడే చదువుకుని అక్కడే టీచరు అయింది. జీపు చూసి పరుగున వచ్చింది.

"మెసేజి అందిందా సారూ? సిగ్నలు కోసం గట్టెక్కి పంపినా. పోయిందో లేదో తెలీలేదు."

"అందిందమ్మా. నాలుగు పాయింట్ ఏడు అని ఉంది. సరిగ్గానే కొట్టినావా?"

"సరిగ్గానే కొట్టినా. నేనే నమ్మలే. మళ్లీ మళ్లీ వేసినా. మా కాటా చెడిపోయిందనుకుని రేషను డిపో కాటాలో కూడా వేసినా. మీరెట్లా నమ్మరని తెలుసు."

టీచరమ్మ మమ్మల్ని ఆ బిడ్డ ఇంటికి తీసుకపోయింది. అతను గుడిసె వాసానికి కాటా తగిలించినాడు. తల్లి చీరముక్కలో బిడ్డను పెట్టి అందించింది. ఇరవై ఏండ్లు దాటిన మనిషి, జ్వరంతో కళ్లు గుంటలు పడినాయి. కోతల కాడ జ్వరం పట్టుకుందంట. పాలు ఎండిపోయినాయి. గంజినీళ్లు, చక్కెరనీళ్లు పట్టించుకుంటా వచ్చింది. మగడు అడవిలోకి చెట్ల బంక ఏరను పోయినాడు.

ముల్లు నాలుగున్నర దాటి కొంచెం పైన నిలబడింది. నాలుగు కిలోల ఆరు వందలు. మేము వచ్చేలోపల ఇంకో వంద గ్రాములు తగ్గింది.

నన్ను భయపెట్టింది ఆ అంకె కాదు. కాటాలో ఊగుతున్నా ఆ బిడ్డ ఏడవలేదు. ఏడ్చేదానికి కూడా ఓపిక లేదు. పెద్ద పెద్ద కండ్లతో పైన వాసాన్ని చూస్తా ఉంది.

అతను బిడ్డను దించి తల్లి చేతుల్లో పెట్టినాడు. "అమ్మా, ఆస్పత్రికి పోవాల. ఇప్పుడే," అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. "పోయిన ఏడు మా చిన్నాయన బిడ్డను అట్లే జీపులో తీసుకపోయినారు. బిడ్డ రాలే."

నేను ఏవేవో చెప్పినాను. మందులుంటాయి, పాలపొడి ఇస్తారు, డబ్బులు అడగరు అని. ఆమె వినలేదు. బిడ్డను ఇంకా గట్టిగా హత్తుకుంది. ఆమె ముందర అతను కింద కూర్చున్నాడు.

"వస్తాదని నేను మాటియ్యలేనమ్మా. నాకు తెలీదు. ఈడనే ఉంటే ఏమైతాదో మాత్రం తెలుసు."

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వు డాక్టరువా?"

"కాదు. లెక్కలు చేసేవాణ్ణి."

"లెక్కలోడివి, ఇంత దూరం ఏంటికి వచ్చినావ్?"

"ఆడ కూర్చుంటే మీ బిడ్డ సంగతి తెలియట్లేదమ్మా."

టీచరమ్మ ముందుకు వచ్చి, "నేనొస్తా వదినా. నీ పక్కనే పండుకుంటా. నువ్వు వద్దన్న రోజు తిరిగి వద్దాం," అంది. తల్లి లేచింది. గుడిసెలోకి పోయి ఒక గుడ్డమూట కట్టుకుంది. పక్కింటి ముసలామెకు మగడికి చెప్పమని ఏదో చెప్పి, వచ్చి జీపులో కూర్చుంది. ఆ నిర్ణయం ఆమెది. మేము ఎత్తుకపోలేదు. ఇది రాసేటప్పుడు ఆ సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

దోర్నాలకు వచ్చినాక సిగ్నలు అందింది. ఆఫీసులో ఏమైందో ఆపరేటరమ్మ ఫోన్లో చెప్పింది. కాన్ఫరెన్సులో మా ఆఫీసరు గారు పెండింగ్ అన్నాడంట. ఒక్క గూడెం కోసం మండలం రిపోర్టు ఆపుతారా అని పైవాళ్లు అడిగినారంట. "ఆపలేదండీ. చూడను మనుషులు పోయినారు. వాళ్లు వచ్చినాక పంపుతా," అని చెప్పి, చీవాట్లు తిని, మైకు ఆపేసి, ఒక గ్లాసు నీళ్లు తాగినాడంట. అన్నం తినలేదంట.

బిడ్డ బతికింది. అంత తేలిగ్గా ఏమీ కాదు. మొదటి వారం డాక్టరమ్మ మాతో సరిగ్గా మాట్లాడనైనా లేదు. తల్లికి జ్వరం తగ్గినాక, బిడ్డ ఒకరోజు గట్టిగా ఏడ్చిందని టీచరమ్మ సంబరంగా ఫోన్ చేసింది. ఒక బిడ్డ ఏడ్చిందని ఆఫీసంతా టీ తెప్పించుకుని తాగిన రోజు అదొక్కటే.

అయితే కథ అక్కడ అయిపోలేదు. బిడ్డను ఆస్పత్రిలో చేర్చిన సాయంత్రమే అతను పాత ప్రోగ్రాము పారేసిన విలువల కోసం వెతకడం మొదలుపెట్టినాడు. జాబితాల్లో లేకపోయినా టీచర్లు పంపిన మెసేజీలు ఆపరేటరమ్మ ఫోన్లోనే ఉన్నాయి. ఆమె ఏదీ తుడిచేసే మనిషి కాదు. నెలనెలవీ తీసి కొత్త ఫంక్షన్‌కు ఇచ్చినాడు. చాలావరకు వేళ్ల పొరపాట్లే, పాత ప్రోగ్రామును తిట్టే పని లేదు. కొన్ని కాదు. ఆఫీసరు గారు మాటైనా మాట్లాడకుండా జీపు ఇచ్చినాడు. అందరి ఇండ్లకూ పోయినాము. కొందరు పిల్లలు అప్పటికే కోలుకుని దుమ్ములో ఆడుకుంటున్నారు. కొందరిని ఆస్పత్రికి తెచ్చినాము. ఒక ఇంటికి మేము పోయేటప్పటికి ఆలస్యమైపోయింది. ఆ ఇంటి నుంచి తిరిగి వచ్చేటప్పుడు అతను జీపులో వెనక సీట్లో కూర్చున్నాడు. మర్నాడు పొద్దున వచ్చి ఫంక్షన్ తెరిచి, ఇంకో రెండు లైన్లు రాసినాడు. మనుషులు దుఃఖాన్ని రకరకాలుగా దించుకుంటారు. అతని పద్ధతి అది.

పిల్లలూ, ఇప్పుడు ఇట్లాంటి తనిఖీలు చేసిపెట్టే ప్యాకేజీలు బోలెడు వచ్చినాయని మీరే నాకు చెబుతుంటారు. ఒక్క లైనుతో పని అయిపోతుందంట. సంతోషం, వాడుకోండి. అంకెనా కాదా, హద్దులో ఉందా లేదా అన్నది అవి చూసుకుంటాయి. హద్దు ఎక్కడ గీయాల, హద్దు దాటిన దాన్ని ఏం చేయాల అన్నది మాత్రం మీరే రాయాల. అతను ఆ రెండో ప్రశ్న మీద నెలలు కూర్చున్నాడు. జీతం పెరగలేదు, పేరు రాలేదు, ప్రతి నెలా తిట్లు మాత్రం పడినాయి. ఆ ఫంక్షన్ అడుగున రాసినవారి పేరు పెట్టుకునే చోటు ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసినాడు. ఎందుకంటే, "టీచరమ్మలు చెప్పింది రాసినా, నాదేముందక్కా," అన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోను. విని మార్చుకోవడం తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారు?

నేను రిటైరయ్యేదానికి కొంచెం ముందు, వానలు మొదలైనాక ఒకరోజు, ఆ గూడెం తల్లి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ముందు గుర్తుపట్టలేదు. ముఖం నిండుగా ఉంది. తన బిడ్డ పక్కన నడుస్తోంది. కొంగు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగి, మళ్లీ ఎక్కుతోంది. చంకలో ఇంకో బిడ్డ ఉంది, చిన్నది. బస్సులో మా దాకా ఒక్కతే వచ్చింది.

"ఆ లెక్కల సారు ఉన్నాడా?"

అతను కుర్చీలోంచి లేచినాడు. "ఏందమ్మా, ఇట్ల వచ్చినావ్? ఎవరీ బిడ్డ?"

"మా పక్కింటోళ్లది. తల్లికి బాగలేదు." చంకలోని బిడ్డను రెండు చేతులతో ముందుకు చాపింది. "మీరు వచ్చేదాకా ఎందుకని నేనే తెచ్చినా."

అతను బిడ్డను అందుకున్నాడు. నేను కిటికీ దగ్గరకు పోయి, కిందికి వంగి డ్రైవరును కేకేసినాను.